మూతకు పెట్టిన గంధం బొట్టు

పూతలపట్టు కూడలిలో పాత ఇనుము అంగడి ముందు బస్సు కోసం నిలబడితే చాలు, తుప్పూ డీజిలూ కలిసిన వాసన ముక్కుకు తగిలి, తొమ్మిదేళ్లకే మా బావి మీది ఆయిలింజనుకు వైద్యం చేసిన మొనగాణ్ని నేనేనని పక్కనున్న వాళ్లకు చెప్పబుద్ధవుతుంది. ఇంజనుకు చెవి ఆనించి రోగం చెప్పేవాణ్ననీ, చిత్తూరు నుంచి జీపులో వచ్చి నన్ను పిలుచుకుపోయేవారనీ మనవళ్లకు ఎన్నోసార్లు చెప్పాను. జీపు అబద్ధం. మిగతాది కూడా కొంత సాగదీసిందే.

అప్పటికే ముసలిదైన ఆ ఇంజనును చలి పొద్దున లేపడం, మా దగ్గర దాన్ని ఆడించే పనిలో ఉన్న మునెప్ప ఒక్కడికే తెలుసు. కుండలో కాచిన నీళ్లు దాని కడుపులో పోసి, గాలి పీల్చే గొట్టం దగ్గర డీజిలు గుడ్డ వెలిగించి, పిడి పట్టి ఆరేడు చుట్లు తిప్పితే, అది దగ్గి, నల్లటి పొగ కక్కి, టుకుటుకుమని అందుకునేది. కాలవలో నీళ్లు మా కాళ్లను జిల్లుమనిపిస్తూ పరుగెత్తేవి.

ఆ ఏడు ఆయుధపూజకు దాన్ని కడిగి, విభూతి పట్టెలు తీర్చి, బంతిపూల దండ వేసి, బూడిదగుమ్మడికాయ కొట్టి, అందరికీ బొరుగులూ పప్పులూ బెల్లమూ పంచారు. మర్నాటి నుంచి ఇంజను అందుకున్నట్టే అందుకుని, పది నిమిషాలకు ఆగిపోయేది. వరి పొట్ట మీద ఉంది, వాన జాడ లేదు. మునెప్ప ఫిల్టరు కడిగాడు, నట్టు వదులు చేసి పైపులో గాలి తీశాడు, తిప్పీ తిప్పీ అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. నాలుగోనాడు నాయన గట్టు మీదికొచ్చాడు.

"ఏమప్పా మునెప్పా, వయసైంది ఇంజనుకా, నీకా?"

"యాడనో సిన్న తప్పుండాది సామీ. ఈ ఒక్క దినం సూడండి."

"పైరెండినాక సూసేదేముండాది? రేపట్నించి నువ్వు రావద్దులే."

మునెప్ప ఇంజనును తలగుడ్డతో ఒకసారి తుడిచి, పిడిని గోడకు ఆనించి వెళ్లిపోయాడు. నేను డీజిలు ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఆ మూతకు గాలి ఆడేందుకు చీమ దూరేంత కన్నం ఉంటుంది, గాలి పోకుంటే డీజిలు కిందికి దిగదు; అది గంధంతో పూడిపోయింది. పూజ బొట్టు తుడవకూడదని ఎవరూ ముట్టలేదు. పుల్లతో పొడిచాను. నాయన తిప్పితే లేచిన ఇంజను పొద్దుగూకేదాకా ఆగలేదు. నాయన నన్ను భుజానికెత్తుకుని ఊరంతా చెప్పాడు.

ఆ గంధం పెట్టింది నేనే. బొట్టు కోసమే ఆ చిన్న గుంట ఉన్నట్టు తోచి, వేలితో గట్టిగా అదిమాను. నాయనకు ఆ సంగతి చెప్పలేదు. మునెప్ప ఏర్పేడు వైపు ఏదో ఇటుకల బట్టీలో చేరాడని విన్నాం. మళ్లీ మా గట్టు ఎక్కలేదు.

ఇప్పుడు బావి పూడ్చేశారు. బోరు మోటారు ఫోనులో నొక్కితే ఆడుతుంది. దాన్ని బతిమాలే పని ఎవరికీ లేదు. మొన్న ఇదంతా రాసి, చిత్తూరులో ఉన్న మా అక్కకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ చివరిదాకా విని, తలెత్తకుండానే అంది:

"రేయ్, నువ్వు కనిపెట్టిందేందిరా? నేను ఆడనే గుడ్డలు పిండతా ఉండ్లా? ఇంజను తుడిసేటప్పుడు మూత మీద నీ వేలి గుర్తు సూసినాడు మునెప్ప. పిల్లోడు దెబ్బలు తింటాడని నాయనతో అనకుండా, పుల్లతో పొడవమని నీకే సెప్పి పోయినాడు. ఆయప్పే సెప్పినాడని నువ్వు ఒక్క మాట అనింటే, నాయనే పోయి పిలుచుకోనొచ్చేవాడు."