డ్రైవరమ్మ పక్కసీటు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. సిటీ బస్సు నడిపి పదవీ విరమణ చేసినందున చిన్నా పెద్దా అందరికీ ఆమె డ్రైవరమ్మే. ఉద్యోగంలో చేరిన కొత్తలో డిపోలోని మగవారు ఆమెకు రెండు గోడల నడుమ ఇరుకున నిలిపిన బస్సును చూపించి, వెనుకకు తీయమని చెప్పి, అద్దం ఎప్పుడు పగులుతుందా అని చేతులు కట్టుకుని నిలబడ్డారట. ఆమె వెన్నలో వెంట్రుక లాగినట్లు బస్సును బయటకు తీసి, దిగి వచ్చి, “ఇంకెవరి బండైనా ఇరుక్కుందా అన్నయ్యా?” అని అడిగారట. ఆ తరువాత ఆమెను పరీక్షించే సాహసం ఎవరూ చేయలేదు.

ఆమె భర్త కార్ల సీట్లు కుట్టే మేస్త్రి. ఆయన షెడ్డులో ఒక పాత అమెరికన్ కారు ఉండేది. మీగడ రంగు, ఎర్ర తోలు సీట్లు, వెనుక భాగాన చేప రెక్కల వంటి అంచులు, కావలసినప్పుడు మడిచి వెనుకకు వేసుకోగల గుడ్డ టాపు. దాని మొదటి యజమాని అయిన డాక్టరుగారు ఊరు విడిచి వెళ్తూ, తనకంటే మేస్త్రే దానిని బాగా చూసుకున్నాడని ఒప్పుకుని తాళాలు ఆయన చేతిలో పెట్టారు. నాటి నుండి దంపతులు దానిని కంటికి రెప్పలా కాపాడుతూ వచ్చారు. టాపుకు వెనుక కిటికీగా కుట్టిన ప్లాస్టిక్ పొర మడతలో పగలకుండా నడుమ ఒక మెత్తని పాత దుప్పటి పరచవలసి ఉంటుంది. ఆ కొస ఆయన, ఈ కొస ఆమె పట్టుకునేవారు. ఎంత తొందరలోనైనా దుప్పటి లేకుండా టాపు మడిచిన రోజు లేదు.

ఆదివారం సాయంత్రాలలో ఆయన నడిపేవారు, ఆమె పక్కన కూర్చునేవారు. పదవీ విరమణ నాడు మెడలోని దండ తీయకుండానే ఆమె, ఇక ఈ జన్మకు స్టీరింగు ముట్టనని ప్రకటించారు. ఊరినంతా మోసిన మనిషికి, తననొకరు మోసుకుపోతూ ఉంటే చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవడంలోని హాయి ఆ పక్కసీటులోనే తెలిసింది. మేస్త్రి ఆ మాటను శిలాశాసనంగా భావించి, మరెన్నడూ ఆమెను నడపమని అడగలేదు.

కొంతకాలానికి మేస్త్రి చూపు మందగించింది. కుట్టుపనికి అద్దాలతో సరిపెట్టుకోవచ్చునని, కారు మాత్రం నడపరాదని కంటి వైద్యురాలు తేల్చి చెప్పారు. నడవని బండి ఇనుముతో సమానమన్నది ఆయన సిద్ధాంతం. అందుచేత, నడిపేవారికి ఇచ్చివేద్దామని, ‘అమ్మబడును’ అని బోర్డు రాసి షెడ్డు తలుపుకు తగిలించారు. డ్రైవరమ్మ ఆ బోర్డును వంకర లేకుండా సరిచేశారు.

వచ్చినవాడు ఒక హోటలు యజమాని. కారు చుట్టూ తిరిగి, సీట్ల కుట్టు నిమిరి, మెచ్చుకున్నాడు. దానిని తన హోటలు ముందు హాలులో అద్దాల గదిలో నిలబెడతానని, పెట్రోలు తీసివేసి, బ్యాటరీ విప్పించి, అతిథులు పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేలా దీపాలు అమరుస్తానని ఉత్సాహంగా వివరించాడు. మేస్త్రి ముఖం వాడిపోయింది. వేరే బేరం రాలేదు గనుక, పోనీ దుమ్మైనా పడదు కదా అని మెల్లగా సణిగారు.

తీసుకునే ముందు ఒక్కసారి నడిపి చూపమని హోటలు యజమాని కోరాడు. స్టీరింగు పక్కనే ఉన్న గేరు కర్ర తనకు చేతకాదట. వీధి చివరి మెకానిక్కు ఎవరైనా కనిపిస్తాడేమోనని మేస్త్రి బయటకు చూశారు. డ్రైవరమ్మ చేయి చాచారు.

“తాళాలు ఇటివ్వండి.”

“ఇక ముట్టనన్నావు కదే?”

“అన్నాను. పక్కన మీరు నడుపుతుంటే అన్న మాట అది.”

ఇద్దరూ చెరొక కొస పట్టి దుప్పటి పరచి టాపు మడిచాక, మేస్త్రి వెనుక సీటులో కూర్చున్నారు. యజమాని ముందు కూర్చున్నాడు. అద్దం సరిచేసుకుని, ఒకసారి వెనుకకు చూసి, ఆమె బండిని వీధిలోకి తీశారు. బజారు మలుపు దాటగానే కారు తనంత తాను పక్కకు ఒదిగి, వేగం తగ్గి, బస్సు స్టాపు స్తంభానికి సరిగ్గా తలుపు ఎదురుగా వచ్చేటట్లు ఆగింది. హ్యాండు బ్రేకు వేసిన తరువాత గాని ఆమెకు తాను చేసిన పని తెలియలేదు.

“ఏమ్మా, ఆగిపోయిందా?” అన్నాడు యజమాని కంగారుగా.

ఆమె జవాబిచ్చే లోపల, ఆమె బస్సులోనే ఏళ్ల తరబడి డ్యూటీకి వెళ్లిన నర్సు ఒకామె సంచీతో ముందుకు వచ్చింది.

“అక్కా, నువ్వా! ఆసుపత్రి మీదుగానేనా?”

“ఎక్కు.”

నర్సు మేస్త్రి పక్కన సర్దుకుంటూ, “టాపు లేని బస్సు ఎప్పుడు వేశారు బావగారూ?” అని అడిగింది. కంటి ఆసుపత్రి నుండి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ సీటు తానే కుట్టినా దానిలో కూర్చోవడం కూడా అదే మొదలని ఆమెకు చెప్పి, కుట్టు మీద వేలు నడిపిస్తూ గాలికి ముఖం ఇచ్చారు.

తరువాతి స్టాపులోనూ కారు ఆగింది. ఈసారి పొరపాటు కాదు. గొడుగు కర్రగా పట్టుకున్న ముసలాయనను ఎక్కించుకుని కదులుతూ ఉండగా మేస్త్రి ముందుకు వంగారు.

“గేరు కొంచెం మెత్తగా మార్చవే.”

“డ్రైవరుతో మాట్లాడకూడదు. బోర్డు చదవలేదా?”

“చూపు ఆననివాడికి బోర్డేం కనిపిస్తుంది?” అన్నారు మేస్త్రి దర్జాగా, వెనుకకు ఆనుకుంటూ.

కారు హోటలు గేటు ముందు ఆగింది. రేపు ఉదయం మనుషులను పంపమంటారా అని యజమాని వెనుకకు తిరిగి అడిగాడు. మేస్త్రి భార్య భుజాల వైపు చూశారు. స్టీరింగు మీద ఆ చేతులు ఎక్కడ ఉండవలసినవో అక్కడే ఉన్నాయి.

“వద్దండీ. నడిపేవారికే ఇద్దామనుకున్నాను. మనిషి దొరికింది.”

యజమాని డ్రైవరమ్మ వైపు తిరిగాడు. ఆమె మర్యాదగా తల ఊపారు.

“మీ స్టాపు వచ్చిందండీ. వెనక బండ్లు చూసుకుని దిగండి.”

అతడు దిగాడు. మేస్త్రి కూడా దిగి, తడుముకుంటూ ముందుకు వచ్చి, ఖాళీ అయిన పక్కసీటులో కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకున్నారు.

“డ్యూటీకి ఆలస్యమవుతోందక్కా, పోనియ్యి,” అంది నర్సు.