పిలారమ్మ నేర్పిన ‘త్రాంకీలా’

బీడీలు చుట్టే తునికాకు కట్టల ఎండు వాసన తగిలితే ఇప్పటికీ నా నడక ఆగుతుంది. అడవి మొదలయ్యే చోట, ఇప్పుడు ఆ కట్టలు దాచే రేకుల ఇల్లు రెండువేల దశకంలో మా ఊరి దవాఖానా. స్పెయిన్ నుంచి వచ్చిన నర్సు పిలారమ్మ దాన్ని నడిపేది. ఇప్పటి పిల్లలకు ఆమె పేరు తెలియదు. ఎక్కడా రాసి లేదు. అందుకే రాస్తున్నాను.

ఆమెకు వచ్చింది పుస్తకాల తెలుగే; అక్కడికి వచ్చినవాళ్ల మాట ఆమెకు, ఆమె మాట వాళ్లకు విడమరిచి చెప్పడం నా పని. పదో తరగతితో బడి ఆగినా, ఖమ్మం గ్రంథాలయంలో చదివిన చదువు నాకు గర్వం. ఆమె మగవాళ్లతో ‘త్రాంకీలో’, ఆడవాళ్లతో ‘త్రాంకీలా’ అనడం విని, అక్కడి స్పానిష్ నిఘంటువులో వెతికాను. ప్రశాంతమైన, నెమ్మదైన అని ఉంది. మర్నాడు కిటికీలోంచి బయటికి చూపించి, “సాయంత్రం త్రాంకీలా” అన్నాను.

ఆమె నవ్వింది. “తప్పు లేదు. కానీ సాయంత్రానికి ఆ మాట అవసరం లేదు.”

నాకు అర్థం కాలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం మా ఊరి ముత్తయ్య బాపు తన కూతురు సీతను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. పత్తిచేలో పాము కరిచింది. పచ్చిమిర్చి నమిలిస్తే కారం తెలియలేదట. అట్లా అయితే విషం ఎక్కినట్టేనని మా వైపు నమ్మకం. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్ల వణికిపోతోంది.

“పండుకుంటే పోతది, నడిపియ్యాలె” అని అతను నిలబెట్టబోయాడు. పిలారమ్మ అడ్డుపడి పడుకోబెట్టింది, కాలు కదలకుండా చెక్క కట్టింది.

“మీ స్పెయిన్ల పాములుంటయా అమ్మా?” అన్నాడు కోపంగా.

“ఉంటాయి. అవీ కరుస్తాయి.”

విషానికి విరుగుడు సూది భద్రాచలంలోనే ఉంది. లోపల ఒకామె కాన్పు నొప్పులు పడుతోంది కాబట్టి పిలారమ్మ రాలేదు, పిల్లతో, తండ్రితో పాటు నన్ను జీపెక్కించింది. నేను “త్రాంకీలా, త్రాంకీలా” అని గబగబా అంటుంటే పిల్ల ఇంకా బెదిరి లేవబోయింది. పిలారమ్మ జీపు కిటికీలోంచి చెయ్యి చాపి నా గుండె మీద పెట్టింది.

“ముందు నువ్వు. తర్వాత ఆమె.”

నా ఊపిరి నెమ్మదించాకే చెయ్యి తీసింది.

దారంతా సీత నుదుటి మీద చెయ్యి ఉంచి, ఒక్కో ఊపిరికి ఒక్కోసారి ఆ మాట అన్నాను. ఆమెకు ఆ భాష రాదు. అయినా వణుకు తగ్గింది, లేవడం మానింది. ఒకచోట నేను ఆగితే ముత్తయ్య బాపు, “గదే మాట అను బిడ్డా, ఆపకు” అన్నాడు.

సూది అందింది. కాలి పుండు మానడానికి నెలలు పట్టింది గాని సీత బతికింది.

ఇప్పుడు ఆడవాళ్లను కాన్పుకు తీసుకెళ్లే పని నాది. బండి తలుపు వేసే ముందు నా ఊపిరి నేను చూసుకుంటాను. ఆ రోజు జీపు నడిపిన యాకూబన్నకు, నిఘంటువు వెతికిచ్చిన గ్రంథాలయం సుజాత మేడమ్‌కు, ఇది రాసుకొమ్మన్న ముత్తయ్య బాపుకు, సీతకు నా దండాలు. తర్వాత మా ఊరు విడిచి వెళ్లిన పిలారమ్మకు పెట్టే దండం ఏ ఊరికి పంపాలో నాకు తెలియదు.