సరోజక్క చివరి ఖో

నిన్న ఎదురింటి గోడకు సున్నం వేస్తుంటే ఆ పచ్చి వాసన కిటికీలోంచి వచ్చి, చేతిలో పని చేతిలోనే ఉండిపోయింది. మా చిన్నప్పుడు గద్వాల కోట మైదానంలో ఖోఖో గళ్లు గీసేది ఆ సున్నంతోనే, గీసేది మా సరోజక్కే.

మాది మగ్గాల వీధి. తెల్లవారకముందే నూలుకు పెట్టే గంజి ఉడికే వాసన, ఇంటింటా మగ్గాల టకటక, ఎండకాలం మిద్దెల మీద పడకలు, పండుగకు పూర్ణం పెట్టి కాల్చిన వేడివేడి బచ్చాల మీద నెయ్యి. పగలంతా అక్క గుంటమగ్గం దగ్గర నాయిన పక్కన కూర్చొని చీర అంచుకు పోగు నడిపే నాడె అందించి, పొద్దు వంగగానే లంగా ఎగదోపి, ఒడిలో ఉడకబెట్టిన పల్లికాయలు పోసుకుని, నన్ను వెంటేసుకుని మైదానానికి ఉరికేది. ఆమె ఆడుతుంటే సోడా బండి అతను గిరాకీని వదిలేసి మరీ వచ్చి చూసేవాడు. గోపాల్‌పేట, కోడేరు దాకా ఆమె పేరు తెలుసు. నేనేమో ఆ గెలుపులన్నీ నావే అయినట్టు బడిలో తల ఎగరేసుకుని తిరిగేదాన్ని.

ఒక చలికాలం అక్కకు కీళ్లు వాచాయి, మిద్దె ఎక్కితే ఆయాసం వచ్చేది. కర్నూలు తీసుకుపోతే, గుండెలో కవాటం చెడిపోయిందనీ ఇక ఉరకడం మానేయాలనీ డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో అమ్మ మొహం మీది కొంగు తీయలేదు. అక్క మాత్రం బయటకే చూస్తూ కూర్చుంది.

వనపర్తి అమ్మాయిలతో ఆట అప్పటికే కుదిరి ఉంది.

"ఒక్కపారి పోయొస్తనే అమ్మా. గడిల కూసుంట, ఉరకను," అని అక్క బతిమాలింది.

"నీ పానం కంటె ఆట ఎక్కువనా బిడ్డా?" అంటూనే చివరికి అమ్మ తనూ వెంట వచ్చింది.

ఖోఖోలో వరసగా కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి ఖో అంటే వాళ్లు లేచి తరమాలి, తట్టినవాళ్లు వాళ్ల చోట కూర్చోవాలి. అక్కకు మాత్రం ఖో ఇవ్వకూడదని మేమంతా ముందే అనుకున్నాం. ఆమె పక్క గడిలో నేనున్నాను. మా జట్టు లక్ష్మి తరుముతూ ప్రతిసారీ అక్కను దాటి పోయేది. మైదానమంతా తిరిగిన మనిషి అలా కదలకుండా కూర్చోవడం చూడలేకపోయాను.

ఆట ఇక ముగుస్తుందనగా అక్క వెనక్కి తిరగకుండానే అంది.

"నాకియ్యవే లక్ష్మీ. ఒక్కటి."

లక్ష్మి అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపిందో, ఏడుపు ఆపుకుందో నాకిప్పటికీ తెలియదు. లక్ష్మి ఖో అంటూ వీపు తట్టింది. అక్క లేచింది, ఉరకలేదు. ఒక్క అడుగు వేసి నా వెనక నిలబడి, సున్నం అంటిన అరచేయి నా వీపు మీద పెట్టి, మైదానమంతా వినపడేలా ఖో అంది.

ఏడుస్తూనే ఉరికాను. నేను తరిమిన వనపర్తి పిల్ల నాకు దొరకలేదు.

"ఏంగాదులే, మంచిగ ఉరికినవ్," అంది అక్క, నా గడిలోంచే.

మళ్లీ ఆమె మైదానం వైపు రాలేదు. నేను పదో తరగతికి రాకముందే పోయింది.

ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడు పలచబడింది, గంజి వాసన ఎప్పుడో గానీ తగలదు, మైదానంలో ఆ గళ్లు గీసేవాళ్లు లేరు. ఆ సాయంత్రం నన్ను లేపి నా చోట అక్క కూర్చుంది. ఆమెను లేపడానికి మళ్లీ ఎవరూ ఖో ఇవ్వలేదు.