మా అక్క చేతులు, నా గ్లవ్స్

ముందే ఒప్పేసుకుంటున్నా. మా నిరుపమక్కని ఫుట్‌బాల్‌లోకి దించింది నేనే. ప్రేమతో కాదు, నలుగురిలో నవ్వులపాలైతే చూసి ఆనందిద్దామని. అంతకన్నా వెధవ పని నేనింతవరకూ చెయ్యలేదు.

అక్క అయిదడుగుల పదకొండంగుళాలు. మేముండే పామర్‌స్టన్ నార్త్ ఊళ్ళో తెలుగువాళ్ళ పార్టీల్లో గ్రూప్ ఫొటో అంటే ముందు తనని వెనక్కి పంపిస్తారు, తర్వాత మోకాళ్ళు వంచమంటారు. "ఇంత పొడుగు పిల్లకి ఎవర్ని తెస్తావ్ ప్రభావతీ?" అని ఆంటీలు మా అమ్మ మీద తెగ జాలిపడతారు. అదే మనిషి బాస్కెట్‌బాల్ కోర్టులోకి వెళ్తే పొట్టిది. బాస్కెట్ కింద నిలబడి, తనకన్నా పొడుగు అమ్మాయిల్ని వీపుతో తోస్తూ, రిమ్‌కి కొట్టుకుని వెనక్కొచ్చే బంతిని లాక్కోవడం తన పని. స్కూల్ నుంచీ అదే చేసింది. పోయినేడాది కొత్త కోచ్ వచ్చి "ఈ ప్లేస్‌కి నీ హైట్ చాలదు" అని టీమ్‌లోంచి తీసేశాడు.

అక్క ఏడవలేదు. షూస్ గరాజ్‌లో ఓ మూల పడేసి, రిసెప్షనిస్ట్‌గా చేస్తున్న క్లినిక్‌లో షిఫ్టులు పెంచుకుంది. "పాతికేళ్ళొచ్చాయి, ఇక ఆటలు చాలు, మాస్టర్స్‌లో చేరు" అంది అమ్మ. "ఈ వింటర్ ఒక్కటి చూస్తానమ్మా" అంది అక్క. ఏం చూస్తుందో తనకీ తెలీదు.

ఇక నేను. నేను గోల్‌కీపర్‌ని. కోచ్ లేడు, అకాడమీ లేదు, యూట్యూబ్ చూస్తూ గరాజ్ తలుపు ముందు గెంతి గెంతి నేర్చుకున్నా. మా క్లబ్ థర్డ్ టీమ్‌లో రిజర్వ్ కీపర్‌ని. అంటే కీపర్‌కి జ్వరమొస్తే నేనన్నమాట. ఆ దుర్మార్గుడికి జలుబు కూడా చెయ్యదు.

అప్పుడే క్లబ్ ఆడవాళ్ళ టీమ్‌లో కీపర్ వేలు విరిగింది. మేనేజర్ "ఎవరైనా ఉన్నారా?" అనడం పాపం, "మా అక్క ఉందిగా, సూపర్ కీపర్!" అనేశా. అక్కకి ఫుట్‌బాల్ రూల్ ఒక్కటీ తెలీదు. నాకు తమాషా, తనకేమో ఏదో ఒక ఆట కావాలి. ఒప్పేసుకుంది.

శనివారం పొద్దున గ్రౌండ్‌లో గడ్డి మీదంతా తెల్లగా మంచు. నా పాత గ్లవ్స్ తొడుక్కుంటూ అక్క అడిగింది.

"ఒరేయ్ అభినయ్, బంతిని చేత్తో ఎక్కడిదాకా తీసుకెళ్ళొచ్చు?"

గోల్ ముందు గీసిన పెద్ద బాక్స్ దాటితే కీపరైనా సరే చెయ్యి తగలనివ్వకూడదు. అది చెప్పాలి. నేను మొహం సీరియస్‌గా పెట్టి, "సగం గీత దాకా అక్కా. మీ బాస్కెట్‌బాల్ లాగే కొట్టుకుంటూ పోవచ్చు" అన్నా.

మొదటి షాట్‌ని గాల్లో ఒంటిచేత్తో పట్టింది. కింద పడుతూనే బంతిని నేలకేసి టపటపా కొట్టుకుంటూ బయల్దేరింది. బాక్స్ దాటింది. ఒకమ్మాయిని ఇటు తప్పించింది, ఇంకో అమ్మాయిని అటు. రెండు టీములూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాయి. రిఫరీ విజిల్ ఊదడం కూడా మర్చిపోయాడు. గుర్తొచ్చి ఊదాక, అవతలివాళ్ళు ఫ్రీ కిక్ తీసుకుని ఖాళీ గోల్ వైపు ఒక్కటి తన్నారు. బంతి తాపీగా దొర్లుకుంటూ లోపలికెళ్ళింది. నేను గడ్డి మీద పడి నవ్వా. అక్క గోల్ వైపు చూళ్ళేదు, నా వైపు చూసింది.

ఆ తర్వాత ఇంకొక్కటి పోనిస్తే ఒట్టు.

అవతలి టీమ్ స్ట్రయికర్‌ని చూడ్డానికి వెల్లింగ్టన్ ప్రొఫెషనల్ క్లబ్ నుంచి ట్రేసీ అనే కోచ్ వచ్చి ఉంది. మ్యాచ్ అయ్యాక తిన్నగా అక్క దగ్గరికొచ్చి "ఎవరు నేర్పారు నీకు?" అంది. అక్క నన్ను చూపించింది. ట్రేసీ నన్ను కిందనుంచి పైదాకా చూసి "రూల్స్ తప్ప అన్నీ బాగానే నేర్పావ్" అంది. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో నాకొచ్చిన మొట్టమొదటి మెప్పు. అదీ అక్క ఆడినందుకు!

అక్కని ట్రయల్‌కి పిలిచారు. ఉన్నది ఒకే కాంట్రాక్ట్. దానికి పోటీ ఇద్దరు, అక్కా ఇంకో అమ్మాయీ.

ఇక ఇంట్లో నా బతుకు చూడాలి. అమ్మ అక్కకి గుడ్లు పెడుతుంది, నాకు బ్రెడ్డు. క్రికెట్ తప్ప వేరే ఆట లేదనే మా నాన్న ఆఫ్‌సైడ్ అంటే ఏంటో నన్ను పిలిచి మరీ అడిగాడు. ఇన్నేళ్ళు నేనాడితే అడగని మనిషి! పెరట్లో అక్కకి బంతులు తన్నేది నేనే. పైకొచ్చేవి ఎలాగూ పట్టేస్తుందని, కచ్చగా అన్నీ కిందకే తన్నేవాణ్ణి. తను కోచింగ్ అనుకుంది. అది కడుపుమంట అని నాకు తెలుసు. దరిద్రం ఏంటంటే, దాంతో కిందవి కూడా పట్టడం వచ్చేసింది.

ట్రయల్‌కి కారు నేనే డ్రైవ్ చేశా.

"ఇది రాకపోతే మాస్టర్సేరా. అమ్మకి మాటిచ్చా" అంది కిటికీలోంచి చూస్తూ.

"వస్తుందిలే" అన్నా. దారిలో లెవిన్ అనే ఊరు దాటేదాకా రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నా. దాటాక సిగ్గేసి ఆపేశా. వెల్లింగ్టన్‌లోకి రాగానే మళ్ళీ మొదలెట్టా.

రెండో అమ్మాయి కాళ్ళు బంగారం. ఎక్కడికి తన్నమంటే అక్కడికి తన్నింది. అక్క తన్నిన బంతి ఒకటి కార్ పార్కులో పడింది. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కార్నర్లు. మూల నుంచి బంతిని గోల్ ముందుకి లేపుతారు, అక్కడ అందరూ కీపర్ మీద పడతారు. పైగా వెల్లింగ్టన్ గాలి, బంతి ఎటు తిరుగుతుందో తెలీదు. రెండో అమ్మాయి రెండు చేతులతో గుద్దబోయి గాలిని గుద్దింది. అక్క మాత్రం వెనక్కి తిరిగి, నడుము అడ్డంపెట్టి, వీపుతో ఇద్దర్ని తోసి చోటు చేసుకుంది. పైకి లేచింది. బంతి చేతుల్లో ఉంది. మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే. స్కూల్ నుంచీ బాస్కెట్ కింద చేసిన పనే కదా! యూట్యూబ్‌లో నాకెవడూ చూపించలేదు ఇది. గట్టు మీద కూర్చున్న నా చేతులు కూడా వాటంతటవే పైకి లేచాయి. ఎవరైనా చూశారేమోనని గబుక్కున దించేసి జేబుల్లో పెట్టుకున్నా.

ట్రేసీ అక్కడికక్కడే చెయ్యి కలిపింది. కాంట్రాక్ట్ అక్కదే.

అక్క కార్లో కూర్చుని అమ్మకి ఫోన్ చేసి చెప్పింది, ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత డబ్బా తీసి పులిహోర తినడం మొదలెట్టింది. ఇక నా వల్ల కాలేదు.

"ఎన్నేళ్ళ నుంచి కలగంటున్నా తెలుసా ఆ ప్లేస్ కోసం? నిన్నగాక మొన్నొచ్చి కొట్టేశావ్!"

అక్క నోట్లోది మింగి, తాపీగా నా వైపు తిరిగింది.

"అది ఆడవాళ్ళ టీమ్‌రా గాడిదా. అందులో నీ ప్లేస్ ఎక్కడుంది, నేను కొట్టెయ్యడానికి?"