ఆ పైపులు నావేనన్న అంకుల్

టూంగాబీ అంకుల్ పోయారు. శనివారం మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారు నాన్నా" అంది. నేనిప్పుడు ఉండేది బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో. బయల్దేరతానన్నాను. ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఇంకో మాట అంది. "చర్చి సంఘం పత్రికకి ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలంట. నువ్వే రాయి. ఆ పైపుల సంగతి వదిలెయ్యకు. వదిలేస్తే ఆయనకి నచ్చదు."

అందుకే రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

యూనివర్సిటీలో చదివే రోజుల్లో టూంగాబీలో వాళ్ళింట్లో వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. అంకుల్ విశాఖపట్నంలో ఇనుము తిప్పి కోసే లేత్ మిషను మీద పనిచేసి, ఇక్కడికొచ్చాక గిరావీన్‌లో ఒక వర్క్‌షాపులో అదే పని చేసేవారు. జీవితంలో ఒక్క దమ్ము కొట్టిన మనిషి కాదు. కానీ ఆయన గరాజు నిండా పొగతాగే పాత పైపులే. పూర్తి చెక్కవి కావు. కాడ అల్యూమినియంతో చేసి, దాని మీద పొగాకు నింపే చెక్క గిన్నెని మర తిప్పి బిగించే రకం. పాత సామాన్ల సంతలో మొదటిదాన్ని చూసినప్పుడు అదేమిటో కూడా ఆయనకి తెలియదట. పొగ చల్లబడడానికి కాడ మీద కోసిన సన్నటి గాళ్ళు చూసి, "ఇది తిప్పినవాడెవడో గానీ పనిమంతుడు" అనుకుని కొన్నారట. తర్వాత తర్వాత ఈ పైపులు సేకరించే తెల్లవాళ్ళు, తమ దగ్గరున్నది ఏ కాలం నాటిదో చెప్పమని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

శనివారాలు నేనూ గరాజులో కూర్చునేవాణ్ణి. "ముందు గిన్నె చూడకు" అనేవారు. "గిన్నె కాలిపోతుంది, కొత్తది బిగిస్తారు. కాడ అబద్ధం చెప్పదు." కాడ కింద అచ్చు కొట్టిన అక్షరాలు భూతద్దంలో చూపించేవారు. పేటెంటుకి దరఖాస్తు పెట్టామని ఉంటే ముందుది, పేటెంట్ నంబరు ఉంటే తర్వాతది. "నంబరు దొరికిందని ఎగరకు. అది పేటెంట్ వచ్చిన ఏడాదికి ముందుది కాదని మాత్రమే అర్థం. అదే అచ్చుతో ఎన్నేళ్ళు కొట్టారో నీకేం తెలుసు?" నోట్లో పెట్టుకునే కొసని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడమనేవారు. గంధకం వాసన వస్తే పాత గట్టి రబ్బరు. ఆకుపచ్చగా మారి ఉంటుంది. ఏ వాసనా లేకుండా నల్లగా నిగనిగలాడితే తర్వాత కాలపు ప్లాస్టిక్. "ఏడాది చెప్పలేకపోతే, ఏ పదేళ్ళలోదో చెప్పు. అదీ తెలియకపోతే తెలియదని చెప్పు. గొప్పకి పోయి అంకె చెప్పకూడదు."

ఒకరోజు నేను ఒక గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "దీన్లో కాల్చింది వట్టి ఆకు కాదంకుల్, సెంటు కలిపారు" అన్నాను. ఆయన భూతద్దం దించి నావైపు చూశారు.

"నీకెలా తెలుసురా?"

మాది కందుకూరు వైపు. మా నాన్న పొగాకు రైతు. ఆకు ఆరబెట్టే బ్యారన్ పొయ్యి దగ్గర పెరిగినవాణ్ణి. పొగాకంటేనే పాపమనే మా చర్చిలో ఎవరైనా అడిగితే వ్యవసాయం అని ఊరుకునేవాణ్ణి, ఏం పంటో చెప్పేవాణ్ణి కాదు. ఆ సంగతి అంకుల్‌కి ఒక్కరికే చెప్పాను. "ఎవరికీ చెప్పన్లే" అన్నారాయన.

ఆ ఏడు అంకుల్‌ని చర్చిలో సంఘ పెద్దగా నిలబెట్టాలనుకున్నారు. అంతకుముందు వాళ్ళింట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నారు. కుర్చీలు చాలక నేను గరాజులోకి వెళ్తే, సాయానికి పాస్టర్ గారు తనే నా వెనక వచ్చారు. బల్ల మీద గుడ్డ పరిచి, పైపులు వరసగా పెట్టి ఉన్నాయి.

"ఏంటి బ్రదర్ ఇవి?"

అంకుల్ గుమ్మంలో ఉన్నారు. మొహం పాలిపోయింది. "ఇవి మా అబ్బాయివండీ" అన్నారు నన్ను చూపించి. "ఒంగోలు సైడు. పొగాకు రైతులు వాళ్ళు."

నా చేతుల్లో ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. కింద పెట్టలేదు, నోరు తెరవలేదు. అబద్ధానికి కాదు నాకు సిగ్గేసింది. అందులో ఉన్న నిజానికి.

ఆ ఆదివారం నన్ను ముందుకి పిలిచి మోకరించమన్నారు. పొగ అలవాటు నుంచి విడిపించమని పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. "బ్రదర్, మీరూ రండి, మీ ఇంటి బిడ్డే కదా" అని పాస్టర్ గారు అంకుల్‌ని కూడా పిలిచారు. మిగతా చేతులు బరువుగా ఆనాయి. ఆయన చెయ్యి ఆనీ ఆనకుండా ఉంది. లేత్ నూనె వాసన వచ్చింది. ఆ వాసన వేసినంతసేపూ పళ్ళు బిగపట్టుకుని ఉన్నాను.

తర్వాత చర్చిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఒకావిడ తన కొడుకుతో "డోంట్ సిట్ దేర్" అనడం విన్నాను. ఇంట్లో నేను గరాజువైపు వెళ్ళడం మానేశాను. అంకుల్ భోజనాల దగ్గర పెద్ద చేప ముక్క నా కంచంలో వేసేవారు. నేను దాన్ని పక్కకి నెట్టేవాణ్ణి. ఆంటీకి రెండూ కనపడేవి. "ఆయనకి నోరు రావట్లేదు నాన్నా" అంది ఒకసారి. రాకపోతే పోనీ అన్నాను. సంఘ పెద్దగా నిలబడాలంటే ఆయన నోరు మూసుకునే ఉండాలి కదా అని కూడా అన్నాను. ఆయన పక్క గదిలోనే ఉన్నారు.

ఆయన్ని సంఘ పెద్దగా నిలబెట్టే ఆదివారం రానే వచ్చింది. ముందు సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు మైకు ఇచ్చారు. అంకుల్ జేబులోంచి రుమాలు తీసి మడత విప్పారు. అందులో పైపు.

"ఇది నాది. గరాజులో ఉన్నవన్నీ నావే. ఆ అబ్బాయి ఏదీ తాగడు. నేను అబద్ధమాడాను. ఈ పదవి పోతుందని ఆడాను. ఆడి, అతని తలమీద చెయ్యి కూడా పెట్టాను."

ఆంటీ ముసుగు కళ్ళదాకా లాక్కుంది. ఆయనకి అక్కడితో ఆగడం చేతకాలేదు. చేతిలోకి పైపు వచ్చాక అలవాటు ఊరుకోదు. "ఇది యుద్ధం తర్వాతదండీ. కింద నంబరుంది, కొస ప్లాస్టిక్..."

"చాలు బ్రదర్" అన్నారు పాస్టర్ గారు.

"చాలండి" అని మైకు ఇచ్చేశారు.

నాకు తేలికపడాలి. పడలేదు. అందరి చూపులూ ఆయన మీది నుంచి నా మీదికి తిరిగాయి. ఇంతకాలం నేను కోరుకున్నది ఇదే. ఇప్పుడు తల ఎత్తలేకపోయాను. ఆరోజు ఇంకెవర్నీ పెద్దగా నిలబెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని అడగలేదు.

కూటం అయ్యాక జనం బిర్యానీకి వరసకట్టారు. అంకుల్ కార్ పార్కులో ఇటుక గోడ దగ్గర ఒక్కరే నిలబడ్డారు. నేను రెండు ప్లేట్లు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. నాకంటే ముందు ఒక ముసలమ్మ వెళ్ళింది. కొడుకుని చూడ్డానికి శ్రీకాకుళం నుంచి వచ్చినావిడ.

"ఏదీ బాబూ, ఇలాగియ్యి."

అంకుల్ ఇచ్చారు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి నిప్పు నోట్లోకెలాగెట్టుకుంతారు?" వాళ్ళవైపు ఆడవాళ్ళు చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు.

"నిప్పు బయటే ఉంటుందమ్మా."

"బయటుంతే ఏటి సుఖం?" అని గోడమీద కూలబడింది. "వచ్చిన్నాటినుంచీ సుట్ట లేదు. కోడలు ముట్టనియ్యదు. నానడిగితే పాపమంతాది." వట్టి పైపు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

హాలు గుమ్మంలో ఆమె కొడుకు, "అమ్మా, వేర్ ఆర్ యూ?" అని కేకేస్తున్నాడు. అంకుల్ ఒక అడుగు పక్కకి జరిగి, కోటు బొత్తాలు విప్పి, కొడుక్కి కనపడకుండా ఆమెకి అడ్డంగా నిలబడ్డారు. సన్నటి మనిషి, అడ్డు చాల్లేదు. నేను వెళ్ళి ఒక ప్లేటు ఆయన చేతికిచ్చి, భుజానికి భుజం ఆనించి పక్కన నిలబడ్డాను. మా వెనక ఆమె ఆ చల్లటి కాడలోంచి గాలి పీలుస్తూనే ఉంది.