చెప్పనని వేసిన ఒట్టు

మా పనిలో ఒక్కో ఇంటికి ఒక్కో వేషం. ఒకరింట్లో నేను ఇన్సూరెన్సు ఏజెంటుని, ఇంకొకరింట్లో కుట్టు టీచర్ని. భీమడోలులో ఒకావిడ నన్ను ప్రార్థనకొచ్చే సిస్టరుగారని మొగుడికి చెప్పింది. ఆయన పాపం నన్ను చూడగానే భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడతాడు. ఎక్కడ ప్రార్థన చెయ్యమంటాడోనని నా భయం నాది. నిజానికి నా పని, ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళని పరీక్షలకీ మందులకీ ఆసుపత్రికి తీసుకెళ్ళడం. ఏలూరులో ఒక చిన్న సంస్థవాళ్ళు ఇచ్చిన ఉద్యోగం. ఒకప్పుడు నేనూ ఆ పని చేసినదాన్నే కాబట్టి ఇచ్చారు. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గులేదు. విన్నవాళ్ళు సిగ్గుపడితే అది వాళ్ళ ఖర్మ.

పెదపాడు అవతల, చేపల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళో ఒకమ్మాయి ఇంట్లో మాత్రం నేను రొయ్యల షెడ్డు సూపర్వైజర్ని. ఆ అమ్మాయి రొయ్యలు ఒలిచే పనికని చెప్పి పొద్దున్నే ఏలూరు వచ్చి, అక్కడ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళేది. తెలిసిన మొహం కనబడని ఊరు కావాలి కదా! చీకటి పడేలోపు ఇల్లు చేరేది. మొగుడు చెరువుల మీద కాపలా, ఇంటికి రావడం తక్కువ. ఇంట్లో ఉండేది అత్తగారూ, ఒకటో తరగతి చదివే కూతురూ. ఆ అత్తగారు నేను వెళితే చాలు, టీ చేతికిచ్చి, "మా చెల్లెలి కోడలిక్కూడా మీ షెడ్లో ఏదో పని చూడండమ్మా" అని వెంటపడేది. ఖాళీల్లేవండీ అని తప్పించుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. తర్వాత చెరువుగట్టు మీదికి వచ్చాక ఆ అమ్మాయీ నేనూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నెలసరి వచ్చినా ఈ పనికి సెలవుండదు. దూదిని ఉండలా చుట్టి లోపల పెట్టుకుని వెళతారు. వచ్చినవాడికి తెలియదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఒకర్ని చూసి ఒకరు నేర్చుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. పని అవగానే తీసెయ్యాలి. మరిచిపోతే లోపలే కుళ్ళి ప్రాణం మీదికి తెస్తుంది. తీసెయ్యండర్రా, తీసెయ్యండర్రా అని మీటింగుల్లో గొంతు పోయేలా అరుస్తాను. పైనుంచి వచ్చే అధికారులకి మాత్రం మా రక్తం ఒక్కటే కావాలి. మావల్ల ఎవరికేం అంటుకుంటుందోనని వాళ్ళ బెంగ. నీకెక్కడ నొప్పమ్మా అని అడిగిన పుణ్యాత్ములని నేనింతవరకూ ఎక్కువమందిని చూడలేదు.

పోయిన వానాకాలంలో ఆ అమ్మాయి పరీక్షకి రాలేదు. ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తింది.

"జ్వరమండీ. టైఫాయిడంట. ఏలూరు ఆసుపత్రిలో పెట్టాం. మాట కూడా సరిగ్గా రావట్లేదండీ" అంది ఏడుపు గొంతుతో.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. దగ్గరికి వెళ్ళగానే గుప్పున వాసన కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు. అత్తగారు బత్తాయి తొనలు ఒలిచి కోడలి నోటికి అందిస్తోంది. నిజం చెప్పొద్దూ, కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా చెయ్యదు. వేడినీళ్ళకని ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని బయటికి వెళ్ళగానే మంచం మీదికి వంగాను.

"దూది తీశావా?"

"మరిచిపోయానక్కా. రైలు వెళ్ళిపోతుందని ఆరోజు పరిగెత్తాను. ఇప్పుడు తీద్దామంటే అందట్లేదు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి."

"డాక్టరుకి చెప్పలేదా?"

"అత్త పక్కనే ఉంటుంది కదక్కా. సంసారం చేసుకునేది ఎవరైనా అలా పెట్టుకుంటుందా? ఎందుకు పెట్టుకున్నావంటే ఏం చెప్పను?"

నేను చెప్తానన్నాను. అంతే, లేని బలం తెచ్చుకుని నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "చెప్పనని ఒట్టెయ్యి. తెలిస్తే నా పిల్లని నాకు కాకుండా చేస్తారు. సెలైన్లు ఎక్కుతున్నాయిగా, తగ్గిపోతుందిలే" అంది. ఆ నెత్తి పొయ్యి మీది పెనంలా కాలిపోతోంది. ఒట్టు అన్నాను. అనకపోతే చెయ్యి వదిలేలా లేదు.

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. లోపల ఎవరో బీపీ పడిపోతోందని అంటున్నారు. ఒట్టు తప్పితే ఆ నెత్తికే చుట్టుకుంటుందని చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని. నమ్ముతాను కూడా. కానీ ఒట్టు నిలబెట్టుకుంటే సాయంత్రానికి ఆ మనిషి ఉండదు. డ్యూటీ డాక్టరమ్మని మెట్ల పక్కకి పిలిచి, ఎవరికీ వినపడకుండా మొత్తం చెప్పేశాను.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అందావిడ.

"మీరడిగింది అత్తగారి ముందు కదా మేడం!" అన్నాను.

ఆ డాక్టరమ్మా చిన్నపిల్లే, మొహం చిన్నబుచ్చుకుంది. నేను చూసుకుంటానని గబగబా లోపలికి వెళ్ళింది. ఆవిడని నేనేమీ అనను. ఆవిడ చెప్పింది నర్సుకి మాత్రమే. ఆ నర్సు వార్డు గుమ్మంలో నిలబడి, అటు చివర ఉన్న ఆయాకి వినపడేలా కేకేసింది.

"ఆ కిటికీ పక్క మనిషిది టైఫాయిడ్ కాదంట. లాడ్జీల్లో తిరిగే మనిషంట. గ్లౌజులు రెండేసి తొడుక్కో!"

వార్డంతా తలలు తిప్పింది. అత్తగారు ఫ్లాస్కుతో అప్పుడే వస్తోంది. కోడలి వంక చూడలేదు. నా వంక చూసింది.

"మీది ఏ షెడ్డమ్మా?" అంది.

నా కోపమంతా నర్సు మీదికి మళ్ళింది. "అది నోరా, మురిక్కాలవా? నీ ఒంట్లో లేదా గర్భసంచి?" అని నానా మాటలూ అనేశాను. వాచ్‌మన్ వచ్చి నన్ను బయటికి పంపేశాడు. గేటు బయట నిలబడి ఏడ్చాను, దుఃఖంతో కాదు, ఒళ్ళుమండి.

దూది తీశారు. ఇంజక్షన్లు పనిచేశాయి, జ్వరం దిగింది, అమ్మాయి బతికింది. మొగుడు ఒకసారి వచ్చాడు. మంచం కింద ఉన్న క్యారేజీ, దుప్పటి, ఫ్లాస్కు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి పంపించిన రోజున తీసుకెళ్ళడానికి వాళ్ళెవరూ రాలేదు. నేనే ఆటో ఎక్కించాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక గదిలో ఉంటోంది. పిల్లని చూడాలని ఊరికి వెళితే అత్తగారు తలుపు వేసుకుంది. లోపల్నుంచి పిల్ల ఏడుపు వినపడిందట.

లోపల గర్భసంచి గొట్టాలు దెబ్బతిన్నాయేమో స్కాన్ తీసి చూడాలని ఆ డాక్టరమ్మ చెప్పింది. ఎన్నిసార్లు రమ్మన్నా రాదు. కడుపు నొప్పి మాత్రం వదల్లేదు. మొన్న వెళ్ళి ఇంక ఆగలేక అరిచాను. "వేషాలెయ్యక లేచి రా! ఇలాగే కూర్చుంటే చచ్చిపోతావే!"

చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తలేదు.

"అప్పుడే పోయుంటే, మీ అమ్మ జ్వరమొచ్చి పోయిందని మా అత్త నా పిల్లకి చెప్పేది. ఇప్పుడేం చెప్తోందక్కా?"

అది బతికుండటం నాకు కావాలి. రేపు ఇంకొకరికి ఇలాగే అయినా వెళ్ళి చెప్పేస్తాను. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, దాని ముందు అనలేకపోయాను.