టిక్కు పడని పేజీ

బెరిల్ ఆర్మిటేజ్‌కి పని లేని ఏళ్ళు చాలానే ఉన్నాయి గానీ, నోరు ఊరుకున్న రోజు ఒక్కటీ లేదు. ఇంగ్లండులోని హల్ రేవులో చేపలు మోసేవాడి కూతురు. ఇరవై మూడేళ్ళకే ఆమె రాసిన రేడియో హాస్యం విని దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ తర్వాత టీవీకి రాసిన రెండు ధారావాహికలూ బోల్తా కొట్టాయి. ఇక అంతే సంగతులు! ఎవరి సినిమాలకో పేరు లేకుండా మాటలు సరిదిద్దింది. క్రిస్మస్ విందులో పేల్చే కాగితపు గొట్టాల్లో పెట్టడానికి చీటీల మీద జోకులు రాసింది. "చదివి విసుక్కున్నా సరే, చదివారుగా" అనేది.

యాభై ఎనిమిదో ఏట టీవీ వాళ్ళు మళ్ళీ పిలిచారు. అరగంట హాస్య నాటకం. భర్తను పాతిపెట్టి వచ్చిన రోజున చుట్టాలకు టీ పోసే ముసలామె కథ. మళ్ళీ ఒక్కసారి తెర మీద తన పేరు చూసుకోవాలని బెరిల్ ప్రాణం కొట్టుకుంది.

సోమవారం ఒక చర్చి హాల్లో నటులు నాటకం చదువుతుంటే, నిర్మాత రూపర్ట్ నవ్వు వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. వాళ్ళ ఆనవాయితీ అది. టిక్కు పడని పేజీ ఎగిరిపోవాల్సిందే, రాసినవాళ్ళు బల్ల చివర నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

పద్నాలుగో పేజీకి టిక్కు పడలేదు. అందులో చుట్టాలు వెళ్ళిపోయాక ముసలామె అలవాటుగా రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ అల్మారాలో పెట్టేస్తుంది. అంతే.

"ఇది తీసేద్దాం బెరిల్ గారూ, ఒక్క నవ్వూ లేదు" అన్నాడు రూపర్ట్.

"ఆ ఒక్క పేజీ కోసమే మిగతావన్నీ రాశాను నాయనా."

"నా మాట వినని వాళ్ళ పేరు నేను వెయ్యను."

"వెయ్యకు! పేజీ జోలికి మాత్రం రాకు."

ఆ పేజీ తీసేస్తే నాటకం అరగంటకు సరిపోదు, కొత్తది రాయమంటే ఈమె ససేమిరా అంటుంది. రూపర్ట్ పళ్ళు నూరుకుంటూ ప్రేక్షకుల ముందు ఆడిద్దామన్నాడు. అక్కడా నవ్వకపోతే కోసేస్తానన్నాడు.

ఫిబ్రవరిలో మూడు వందల మంది ముందు చిత్రీకరించారు. కప్పు అల్మారాలోకి వెళ్ళింది. కిక్కురుమన్నవాడు లేడు.

"చూశారా? ఎవరూ నవ్వలేదు!" అంటూ రూపర్ట్ పరుగున వచ్చాడు.

"ఎవరైనా దగ్గారా?" అంది బెరిల్. "ఈ చలిలో, మూడు వందల మందిలో, ఒక్కడైనా దగ్గాడా? చెప్పవయ్యా!"

రూపర్ట్ పేజీ ఉంచాడు, పేరు మాత్రం తీసేశాడు.

ప్రసారమైన మర్నాడు బెరిల్ రొట్టెల దుకాణంలో వరసలో నిలబడింది. ముందున్న ముసలామె దుకాణదారుతో అంటోంది: "రాత్రి టీవీలో చూశావా, ఆ కప్పు? మా ఆయన పోయిన రోజు నేనూ అంతే చేశాను. రాసిందెవరో గానీ, పేరైనా వెయ్యలేదు పాపం."

"నేనే! నేనే రాశానమ్మా!" అని దుకాణమంతా అదిరిపోయేలా అరిచింది బెరిల్.